లిగ్నైట్ కరెంటు: నైవేలి నుంచి థార్ దాకా

సింగరేణి బొగ్గు రైలెక్కి కర్ణాటక, మహారాష్ట్రల్లోని థర్మల్ కేంద్రాల దాకా వెళుతుంది. ఇండోనేషియా బొగ్గు ఓడల్లో కృష్ణపట్నం చేరుతుంది. తమిళనాడులోని నైవేలి లిగ్నైట్ అలా ప్రయాణం చేయదు. గనిలోనే కన్వేయర్ బెల్టు ఎక్కి, కొద్ది కిలోమీటర్ల దూరంలోని బాయిలర్‌లో పడి మండిపోతుంది. దూరం వెళ్లేది దానితో తయారైన కరెంటు మాత్రమే. తమిళనాడు, కేరళ, కర్ణాటక, పుదుచ్చేరితో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డిస్కమ్‌లకూ నైవేలి కరెంటులో వాటా ఉంది.

దిగుమతి బొగ్గు ధర పెరిగినప్పుడల్లా, విదేశీ మారకద్రవ్యం తగ్గినప్పుడల్లా దక్షిణాసియా ప్రభుత్వాలకు సొంత నేల కింది లిగ్నైట్ గుర్తొస్తుంది. భారత్ 1950ల్లోనే ఆ దారి పట్టింది. పాకిస్తాన్ 2010ల్లో మొదలుపెట్టింది. రెండు చోట్లా లెక్క ఒకటే: ఓడ ఖర్చు లేదు, రైలు ఖర్చు లేదు, డాలర్ల అవసరం తక్కువ. కానీ ఈ ఇంధనం కదలదు కాబట్టి గని, కరెంటు కేంద్రం, బూడిద చెరువు, మట్టి గుట్టలు అన్నీ ఒకే తాలూకాలో పడతాయి. కరెంటు అయిదు రాష్ట్రాలకు, పుదుచ్చేరికి చేరినా, పొలాలు పోయేది ఆ ఒక్క తాలూకాలోనే.

లిగ్నైట్ అంటే ఏమిటి

తమిళంలో లిగ్నైట్‌ను 'పళుప్పు నిలక్కరి' అంటారు. గోధుమరంగు నేలబొగ్గు అని అర్థం. పూడిపోయిన వృక్షజాలం పీట్ దశ దాటి, గట్టి బొగ్గుగా మారేలోపు మధ్యలో ఉండే రూపం ఇది. కొన్ని ముక్కల్లో చెక్క పీచు కంటికి కనిపిస్తుంది. నైవేలి లిగ్నైట్ బరువులో సగానికి దగ్గరగా తేమే. కిలోకు సుమారు 2,400 నుంచి 2,900 కిలో కేలరీల వేడి వస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు కిలో లిగ్నైట్ దాకా కావాలి. మంచి బొగ్గయితే అందులో మూడింట రెండు వంతులు సరిపోతుంది.

రైలెక్కించకపోవడానికి మొదటి కారణం ఈ తేమే. వంద టన్నులు మోస్తే దాదాపు యాభై టన్నుల నీళ్లు మోసినట్టు. రెండో కారణం, గాలి తగిలి ఎండుతున్న లిగ్నైట్ కుప్పలు తమంతట తామే రాజుకుంటాయి. నెలల తరబడి నిల్వ చేయడం కష్టం. అందుకే ఎక్కడైనా లిగ్నైట్ కేంద్రాన్ని గని పక్కనే కడతారు. బాయిలర్ కూడా ఆ గనిలో వచ్చే సరుకుకు తగ్గట్టు తయారవుతుంది. గని ఆగితే కేంద్రం ఆగుతుంది, కేంద్రం ఆగితే గనికి కొనేవాడు లేడు.

ఇందులో తేమ తప్ప మరో దోషం లేదనుకోకూడదు. బూడిద తక్కువ కావడం నైవేలి సరుకుకు ఉన్న మంచి గుణం. మన దేశపు గట్టి బొగ్గులో అది 30 శాతం దాటడం మామూలే. కానీ లిగ్నైట్‌లో వేడిలో కొంత భాగం తేమను ఆవిరి చేయడానికే పోతుంది కాబట్టి, యూనిట్ కరెంటుకు వెలువడే బొగ్గుపులుసు వాయువు సాధారణ బొగ్గు కేంద్రాలకన్నా ఎక్కువ.

నీళ్ల కోసం తవ్వితే నల్లటి ముద్ద

నైవేలి చెన్నైకి దక్షిణంగా 200 కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి కడలూరు జిల్లాలో ఉంది. 1930ల మధ్యలో జంబులింగ ముదలియార్ అనే భూస్వామి తన పొలంలో బోరు వేయిస్తే నీళ్లతో పాటు నల్లటి పదార్థం పైకి వచ్చింది. ఆయన దాన్ని ప్రభుత్వం దృష్టికి తీసుకువెళ్లారు. తర్వాత వందలాది ఎకరాలు ఇచ్చారు. అన్వేషణ మెల్లగా సాగింది. యుద్ధకాలంలో భూగర్భ శాఖ సర్వేలు, స్వాతంత్ర్యం తర్వాత మద్రాసు ప్రభుత్వం వేయించిన బోర్లు, ఆ తర్వాత బ్రిటిష్ సంస్థ పావెల్ డఫ్రిన్ నివేదిక. వీటన్నిటితో నిల్వలు తవ్వదగినవేనని తేలింది.

మద్రాసు రాష్ట్రానికి అప్పట్లో సొంత బొగ్గు లేదు. రైళ్లకూ మిల్లులకూ కరెంటు కేంద్రాలకూ బెంగాల్, బీహార్, సింగరేణి గనులే దిక్కు. అందుకే నైవేలి కోసం కామరాజ్ ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టింది. 1956 నవంబర్ 14న నైవేలి లిగ్నైట్ కార్పొరేషన్ ఏర్పడింది. 1957 మే 20న నెహ్రూ తవ్వకాన్ని ప్రారంభించారు. లిగ్నైట్ పొర బయటపడింది మాత్రం 1961 ఆగస్టులో. నాలుగేళ్ల పాటు మట్టి తీయడమే సరిపోయింది. 1962లో మొదటి 50 మెగావాట్ల యూనిట్ నడిచింది.

ఆ రోజుల్లో నైవేలి ఒక విచిత్రమైన కూడలి. అధ్యయనం బ్రిటిష్ వారిది, తవ్వే యంత్రాలు పశ్చిమ జర్మనీవి, 600 మెగావాట్ల కేంద్రం సోవియట్ సాయంతో కట్టింది. పక్కనే యూరియా కర్మాగారం, ఇళ్లకూ పరిశ్రమలకూ లిగ్నైట్‌ను 'లెకో' ఇటుకలుగా మార్చే ప్లాంటు కూడా పెట్టారు. ఎరువు, ఇంధనం, కరెంటు మూడూ ఒకే గని నుంచి రావాలన్నది ప్రణాళిక. చివరికి మిగిలింది కరెంటే. ఆ సోవియట్ కాలపు కేంద్రం 58 ఏళ్లు పనిచేసి 2020 సెప్టెంబర్‌లో మూతపడింది. దాని బదులు 500 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. నైవేలిలో సంస్థకు ఇప్పుడున్న లిగ్నైట్ కరెంటు సామర్థ్యం 3,390 మెగావాట్లు, మూడు గనుల సామర్థ్యం ఏటా 2.85 కోట్ల టన్నులు. సంస్థ పేరు 2016లో ఎన్ఎల్‌సీ ఇండియాగా మారింది.

గనిలో అసలు పని

నైవేలిలో లిగ్నైట్ తవ్వడం కన్నా దాని చుట్టూ ఉన్నదాన్ని తొలగించడమే పెద్ద పని. పైన 50 నుంచి 100 మీటర్ల దాకా మట్టి, కడలూరు ఇసుకరాయి. టన్ను లిగ్నైట్‌కు 5.5 నుంచి 7 ఘనపు మీటర్ల దాకా ఓబీ తీయాలి. గనులు పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఇది ఏడాదికి 15 కోట్ల ఘనపు మీటర్లు దాటుతుంది. ఎన్నో అంతస్తుల భవనమంత ఎత్తుండే బకెట్ వీల్ ఎక్స్‌కవేటర్లు రాత్రీ పగలూ ఇదే పనిలో ఉంటాయి. ఆ యంత్రాలు జర్మనీలోని మెత్తటి నేలల కోసం రూపొందినవి. ఇక్కడి ఇసుకరాయి బకెట్ల పళ్లను అరగదీసింది. చివరికి రాయిని ముందు పేల్చి, వదులు చేసి, తర్వాత చక్రం తిప్పే పద్ధతి పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంతకన్నా కష్టమైనది నీరు. లిగ్నైట్ పొర కింద ఒత్తిడితో నిండిన భూగర్భ జలాశయం ఉంది. అది చదరపు సెంటీమీటరుకు 6 నుంచి 8 కిలోల బలంతో పైకి తోస్తుంటుంది. పైన మట్టి బరువు ఉన్నంత కాలం ఫరవాలేదు. ఆ బరువు తీసేస్తే గని అడుగు పగిలి నీళ్లు ఎగదన్నుతాయి. అందుకని గని చుట్టూ బోర్లు వేసి ఒక్క గంట కూడా ఆపకుండా తోడుతూ ఒత్తిడిని దించాలి. ఈ ఏర్పాటు దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. పంపులు ఆగిపోతే గని లేదు.

తోడిన నీళ్లు వృథాగా పోవడం లేదన్నది సంస్థ వాదన. అందులో నిజముంది. ప్లాంట్లకూ టౌన్‌షిప్‌కూ అవే నీళ్లు. వాలాజా చెరువు కింద ఆయకట్టు గని నీటితో పండుతోంది. కరవు రోజుల్లో చెన్నైకి కూడా పైపులైన్లో నైవేలి నీళ్లు వెళ్లాయి. అయితే కాలువ పక్కన ఉన్న రైతుకు ఇది ఆయకట్టు, మెట్ట మీద బోరు నమ్ముకున్న రైతుకు ఇది ఏటా లోతుకు పోతున్న నీటిమట్టం. రెండో రైతు ఫిర్యాదు దశాబ్దాల పాతది. నీటి నాణ్యత మీద అనుమానాలు తర్వాత తోడయ్యాయి. 2023లో పర్యావరణ సంస్థ పూవులగిన్ నన్బర్గళ్ చుట్టుపక్కల గ్రామాల నీటిపై అధ్యయన నివేదిక విడుదల చేశాక, జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ ఆ అంశాన్ని విచారణకు తీసుకుంది.

ప్లాంటు లోపలి ప్రమాదాల సంగతి వేరు. 2020 మే, జూలై నెలల్లో రెండో థర్మల్ కేంద్రంలో బాయిలర్ ప్రమాదాలు జరిగి పలువురు చనిపోయారు. మృతుల్లో కాంట్రాక్టు కార్మికులూ ఉన్నారు.

వరి చేలో జేసీబీ

ఓపెన్‌కాస్ట్ గని ఒకచోట ఉండదు, ముందుకు జరుగుతూ పోతుంది. అందుకే నైవేలిలో భూసేకరణ 1950ల్లో మొదలై ఇప్పటికీ ముగియలేదు. తొలి తరం వాళ్లకు దొరికిన పరిహారం చాలా తక్కువ. అప్పటికి అదే పెద్ద మొత్తమని, పైగా ఉద్యోగం వస్తుందని భూములు ఇచ్చారు. తర్వాతి తరాలకు పర్మినెంట్ ఉద్యోగాలు కరువయ్యాయి. కాంట్రాక్టు పనులే మిగిలాయి. ఇంజనీర్ల నియామకాల్లో తమిళనాడు వాళ్లు కనిపించడం లేదన్న వివాదం కూడా ఇటీవల రేగింది.

2023 జూలైలో ఇదంతా ఒక్కసారిగా జాతీయ వార్త అయింది. రెండో గని విస్తరణ కోసం పరవనారు వాగును మళ్లించే కాలువ తవ్వాలి. సేత్తియాతోపు సమీపంలోని వలయమాదేవిలో ఏపుగా పెరిగిన వరి చేల మధ్యలోకి యంత్రాలు దిగాయి. ఆ భూములను ఎప్పుడో సేకరించామని, డబ్బు చెల్లించామని సంస్థ చెప్పింది. కాగితాల ప్రకారం అది తప్పు కాదు. కానీ ఏళ్ల తరబడి స్వాధీనం చేసుకోకపోవడంతో రైతులు సాగు చేస్తూనే వచ్చారు. కోతకు ఇంకా రెండు నెలలుంది. ఆ దృశ్యాలు చూసి బాధపడ్డానని, కోత దాకా ఆగలేరా అని మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎం. దండపాణి విచారణలో అడిగారు. పోయిన పంటకు ఎకరాకు 40,000 రూపాయలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. జూలై 28న పీఎంకే చేపట్టిన ముట్టడి రాళ్ల దాడికి, పోలీసు కాల్పులకు దారితీసింది. అన్బుమణి రామదాస్ అరెస్టయ్యారు.

ఎన్ఎల్‌సీ వెళ్లిపోవాలన్నది అప్పటి నినాదం. 2006లో ఇదే నేలపై నినాదం మరొకటి. కేంద్రం సంస్థలో వాటా అమ్మబోతే కార్మికులు సమ్మెకు దిగారు, డీఎంకే అడ్డం తిరిగింది, మన్మోహన్ ప్రభుత్వం మొత్తం పెట్టుబడుల ఉపసంహరణ కార్యక్రమాన్నే నిలిపివేసింది. 2013లో మళ్లీ 5 శాతం వాటా అమ్మకానికి వస్తే, ప్రైవేటు చేతికి పోకుండా జయలలిత రాష్ట్ర ప్రభుత్వ సంస్థల చేత కొనిపించారు. సంస్థ తమదేనని జనం అనుకున్నారు. తమకు ఏం మిగులుతోందన్న అనుమానం వచ్చాకే మాట మారింది.

నిల్వల అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

భారత్‌లో లిగ్నైట్ నిల్వలు సుమారు 4,700 కోట్ల టన్నులు. అందులో దాదాపు 80 శాతం తమిళనాడులోనే. రాజస్థాన్, గుజరాత్ తర్వాతి స్థానాలు. ఈ లెక్క చూస్తే దేశానికి శతాబ్దాల ఇంధనం ఉన్నట్టే అనిపిస్తుంది. ఉత్పత్తి మాత్రం ఏటా నాలుగున్నర కోట్ల టన్నుల అటూ ఇటూ తిరుగుతోంది. మామూలు బొగ్గు ఉత్పత్తి 2024-25లో 100 కోట్ల టన్నులు దాటింది. ఇంత నిల్వ ఉండి ఇంత తక్కువ ఎందుకు?

జవాబు పటంలో ఉంది. తమిళనాడు నిల్వల్లో సింహభాగం నైవేలిలో లేదు. మన్నార్‌గుడి ప్రాంతంలో, కావేరి డెల్టా వరి పొలాల కింద, నైవేలి కన్నా ఎక్కువ లోతులో ఉంది. అది తవ్వాలంటే రాష్ట్రపు ధాన్యాగారాన్ని తవ్వాలి. మన వైపు పోలిక చెప్పాలంటే కోనసీమ కింద బొగ్గు దొరికినట్టు. 2020లో తమిళనాడు అసెంబ్లీ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. అయినా 2023 మార్చి చివర్లో కేంద్ర బొగ్గు శాఖ వేలానికి పెట్టిన బ్లాకుల జాబితాలో వడసేరి, మైఖేల్‌పట్టి, సేత్తియాతోపు తూర్పు బ్లాకులు కనిపించాయి. ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రధానికి లేఖ రాశారు. రాష్ట్ర బీజేపీ కూడా వద్దంది. ఏప్రిల్ 8న ఆ మూడింటినీ తొలగిస్తున్నట్టు అప్పటి బొగ్గు మంత్రి ప్రహ్లాద్ జోషి ప్రకటించారు. జాబితా బయటికి వచ్చి వెనక్కి వెళ్లడానికి పట్టింది పది రోజులే. భూగర్భ శాఖ అంకెలో మాత్రం ఆ టన్నులు అలాగే ఉన్నాయి.

రాజస్థాన్, గుజరాత్‌లలో భూమి ఒత్తిడి ఇంత లేదు. సమస్య సరుకులో ఉంది. బాడ్‌మేర్ జిల్లాలోని గిరల్‌లో రాజస్థాన్ ప్రభుత్వ సంస్థ 125 మెగావాట్ల యూనిట్లు రెండు కట్టింది. అక్కడి లిగ్నైట్‌లో గంధకం విపరీతం. యూనిట్లు సరిగా నడవక, నష్టాలు పేరుకుని మూలపడ్డాయి. అదే జిల్లాలో జేఎస్‌డబ్ల్యూ 1,080 మెగావాట్ల కేంద్రం కపూర్డీ, జాలిపా గనుల మీద నడుస్తోంది. గంధకం ఉన్న సరుకును సున్నపురాయితో కలిపి తక్కువ వేడిలో మండించే ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్లే దారి అని నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. అదీ అంత తేలిక కాదు. నైవేలిలో ఈ పద్ధతిలో 500 మెగావాట్ల కేంద్రానికి 2004లో అనుమతి ఇస్తే వాణిజ్య ఉత్పత్తి 2015లో గానీ మొదలవలేదు. గుజరాత్‌లో కచ్ జిల్లా పానంధ్రో గని కరెంటుకు ఇంధనం ఇచ్చింది. పురాజీవ శాస్త్రవేత్తలకు అది మరో రకంగా గుర్తు. 11 నుంచి 15 మీటర్ల పొడవుండేదని అంచనా వేసిన 'వాసుకి ఇండికస్' పాము శిలాజం అక్కడి పొరల్లోనే దొరికింది.

ఎన్ఎల్‌సీ విస్తరిస్తున్న తీరూ గమనించదగ్గదే. కొత్త పెద్ద కేంద్రాల్లో ఒకటి ఉత్తరప్రదేశ్‌లోని ఘాటంపూర్‌లో, మరొకటి ఒడిశాలోని తాలాబిరా దగ్గర. రెండూ మామూలు బొగ్గువి. 2030 నాటికి 10 గిగావాట్లకు పైగా పునరుత్పాదక విద్యుత్ లక్ష్యంగా పెట్టుకుంది. పేరులో లిగ్నైట్ కోసం పుట్టిన సంస్థ ఎదుగుదల కోసం లిగ్నైట్ బయట వెతుక్కుంటోంది.

ఎడారిలో అదే కథ

సరిహద్దుకు అవతల పాకిస్తాన్ దీన్ని ఆలస్యంగా, ఇంకా పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. సింధ్ రాష్ట్రంలోని థార్‌పార్కర్ జిల్లాలో 9,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న నిల్వలు 17,500 కోట్ల టన్నులని అంచనా. ఇక్కడా మొదటి ఆనవాళ్లు నీళ్ల కోసం వేసిన బోర్లలోనే కనిపించాయి. 1990ల మొదట్లో పాకిస్తాన్, అమెరికా భూగర్భ శాఖలు దాన్ని నిర్ధారించాయి. తర్వాత రెండు దశాబ్దాలు కాగితాల మీదే గడిచాయి. అణు శాస్త్రవేత్త సమర్ ముబారక్‌మంద్ తవ్వకుండా నేల కిందే మండించి గ్యాస్ తీస్తామని చేపట్టిన ప్రయోగం కొద్ది మెగావాట్ల దగ్గర ఆగి మూతపడింది.

కదలిక చైనా డబ్బుతో వచ్చింది. సింధ్ ప్రభుత్వానికి సగానికి పైగా వాటా ఉన్న సింధ్ ఎంగ్రో కంపెనీ 2018 జూన్‌లో 140 మీటర్ల లోతున లిగ్నైట్ పొరను చేరింది. 2019 జూలైలో 660 మెగావాట్ల కేంద్రం వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. 2023 ఫిబ్రవరికి షాంఘై ఎలక్ట్రిక్ వారి 1,320 మెగావాట్ల కేంద్రంతో కలిపి మొత్తం 2,640 మెగావాట్లకు చేరింది. అదే నెలలో అప్పటి ఇంధన మంత్రి ఖుర్రం దస్తగీర్, దేశీయ బొగ్గు కరెంటును 10 గిగావాట్లకు పెంచుతామని, కొత్త గ్యాస్ కేంద్రాలు కట్టబోమని రాయిటర్స్‌కు చెప్పారు. యుక్రెయిన్ యుద్ధంతో ఎల్ఎన్‌జీ కొనలేని స్థితికి వచ్చిన దేశం అది. కొత్త బొగ్గు కరెంటు ఉండదని 2020 డిసెంబర్‌లో ఇమ్రాన్ ఖాన్ అంతర్జాతీయ వేదికపై ఇచ్చిన మాట గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

నైవేలిలో తోడిన నీళ్లు పొలాలకైనా పనికొస్తాయి. థార్‌లో గని నుంచి వచ్చేది ఉప్పునీరు. దాన్ని ఇస్లాంకోట్ తాలూకాలోని గొరానో గ్రామం దగ్గర జలాశయం కట్టి వదిలారు. గ్రామస్థులు 2016 నుంచి నెలల తరబడి నిరసన దీక్షలు చేశారు, కోర్టుకు వెళ్లారు. మేత బీళ్లు, చెట్లు మునిగాయన్నది, మంచినీటి బావులు ఉప్పగా మారాయన్నది వాళ్ల ఆరోపణ. కరవు ఎప్పుడూ పక్కనే ఉండే జిల్లాలో గొర్రెలు, మేకలే జనం ఆస్తి. మరోవైపు అదే గనిలో 60 టన్నుల డంపర్లు నడిపే ఉద్యోగాలు స్థానిక మహిళలకు దొరికాయి. ఇంటి గడప దాటని ఆడవాళ్లు లారీ స్టీరింగ్ పట్టారని అంతర్జాతీయ పత్రికలు రాశాయి. రెండూ ఒకే తాలూకాలో జరిగాయి.

థార్ లెక్కలకు ఇప్పుడు రెండు పరీక్షలు ఎదురవుతున్నాయి. ఒకటి సోలార్. 2024 ఒక్క ఏడాదిలోనే పాకిస్తాన్ సుమారు 17 గిగావాట్ల సోలార్ ప్యానెళ్లు దిగుమతి చేసుకుంది. అవి ఎక్కువగా ఇళ్ల పైకప్పుల మీదకూ ఫ్యాక్టరీల మీదకూ వెళ్లాయి. గ్రిడ్ కరెంటు కొనేవాళ్లు తగ్గుతున్నా, ఒప్పందాల ప్రకారం కేంద్రాలకు స్థిర ఛార్జీలు కట్టాల్సిందే.

రెండోది రైలు. లిగ్నైట్ కదలదన్న సూత్రాన్ని పాకిస్తాన్ దాటి చూడాలనుకుంటోంది. గనుల నుంచి న్యూ ఛోర్ వరకు 105 కిలోమీటర్ల కొత్త రైలు మార్గం నిర్మాణం చేపట్టింది. అక్కడి నుంచి ప్రధాన మార్గం మీదుగా జామ్‌షోరో, పోర్ట్ ఖాసిం వంటి దిగుమతి బొగ్గు కేంద్రాలకు థార్ లిగ్నైట్ పంపాలని ఆలోచన. ఆ బాయిలర్లు తయారైంది పొడి బొగ్గు కోసం. సగం నీళ్లున్న సరుకును వందల కిలోమీటర్లు మోసి, ఆరబెట్టి, కొంత కొంతగా కలుపుతూ మండించాలి. ఆ ఖర్చంతా పోయాక కూడా ఇండోనేషియా, దక్షిణాఫ్రికా బొగ్గు కన్నా యూనిట్ చవకగా పడితేనే రైలు పెట్టుబడి తిరిగొస్తుంది.